మైనం గొంగడి

మా మామ రేవణప్ప ఈల వేస్తే కొండకు అవతల మేస్తున్న గొర్రె కూడా తలెత్తి చూసేది. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి, మొదట సన్నగా సాగదీసి, చివర టక్కున విరిచేవాడు. నేను గోదావరి గట్టు నుంచి అనంతపురం జిల్లాకు ఇల్లరికం వచ్చిన కొత్తలో, ఆ ఈల నేర్పమని ఆయన వెంటపడ్డాను. నా నోట్లోంచి గాలీ తుంపర్లూ తప్ప మరేమీ రాలేదు.

"పేరేమో గంగరాజు. వొచ్చిందేమో నీళ్ళు ల్యాని సీమకు. ఆ నీళ్ళన్నీ నోట్లోనే తెచ్చుకున్యావు గదప్పా అల్లుడా," అని నవ్వేవాడు మామ.

"నీకెవరు నేర్పారు మామా?" అని అడిగితే మాత్రం సూటిగా చెప్పేవాడు కాదు.

"ఉండార్లే ఒగ గురువు," అనేసి గొర్రెల వెంట వెళ్ళిపోయేవాడు.

అప్పటికే మా ప్రాంతంలో ఎండ కర్ఫ్యూ నడుస్తోంది. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిదికి సైరన్ మోగుతుంది. సాయంత్రం ఐదుకు మళ్ళీ మోగేదాకా ఆరుబయట మనిషి కనిపించకూడదు. తెల్లవారుజామున బడులు, పొద్దుగూకాక సంతలు. మా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ పగటి వెలుగు లేదు. నలభై తొమ్మిది డిగ్రీల ఎండతో పంతానికి పోయినవాళ్ళు తిరిగి రాలేదు కాబట్టి, జనం నోరు మూసుకుని సర్దుకున్నారు. గొర్రెలు సర్దుకోలేదు. చీకట్లో మేపితే తోడేళ్ళు, పాములు. షెడ్లలో కట్టేసి మేపితే గిట్టలు కుళ్ళాయి. నడవని గొర్రె బతకదంటాడు మామ. కొండంత మంద మా కళ్ళ ముందే దోసెడైపోయింది.

నా భార్య సిద్ధేశ్వరి మొక్కల శాస్త్రవేత్త. కళ్యాణదుర్గం అవతల ఎడారి మొక్కల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రంలో ఆమెది మొక్కల పని, నాది వేడిని కొలిచే పని. ఆమె ప్రాణమంతా హొహోబా అనే పొద మీదే. మెక్సికో ఎడారి దాని పుట్టిల్లు. బూడిద రంగు ఆకులు, మనిషెత్తు గుబురు. వాన పడకపోయినా అలగదు. దాని గింజ వేరుశనగ గింజ కంటే కాస్త పెద్దది. పిండితే బరువులో సగం మైనమే, అదీ గడ్డకట్టని మైనం. జుట్టుకు రాసుకుంటారు, పగిలిన మడమలకు రాసుకుంటారు, యంత్రాల ఇరుసులకు పోస్తారు. పూర్వం ఇలాంటి పనులకు తిమింగలాల తలలోంచి తీసిన మైనం వాడేవారు. ఈ పొద వచ్చి వాటికి బదులు నిలబడింది.

"తిమింగలాన్ని కాపాడే చెట్టు మా నాయన్ను కాపాడలేదా?" అనేది సిద్ధేశ్వరి.

ఆమె ఆ పొద జన్యువుల్లో ఒక చిన్న మార్పు చేసింది. దానితో వచ్చిన కొత్త మైనం ముప్పై రెండు డిగ్రీల దగ్గర నెయ్యిలా పేరుకుంటుంది, అంతకు పైన కరుగుతుంది. గ్లాసులో వేసిన మంచుముక్క పూర్తిగా కరిగేదాకా నీళ్ళు చల్లగానే ఉంటాయి కదా. ఇదీ అంతే. కరుగుతున్నంత సేపూ చుట్టూ ఉన్న వేడిని మింగుతూనే ఉంటుంది, తాను మాత్రం ముప్పై రెండు దాటదు. మామూలు మైనం మింగే వేడికి ఇది పదింతలు మింగుతుంది. అలాంటి మైనాన్ని గొంగడికి పట్టిస్తే మనిషి వెంట నడిచే నీడ తయారవుతుందని ఆమె ఆశ.

గొంగడి అంటే నల్లగొర్రె ఉన్నితో నేసిన కంబళి. గొర్రెల కాపరికి అదే గొడుగు, అదే పరుపు, అదే కుర్చీ, అవసరమైతే అదే కోర్టు. కోర్టు సంగతి తర్వాత చెబుతాను.

మొదటి మైనం గొంగడి కప్పుకుని ఎండలోకి నడిచింది మామే. "నా బిడ్డ చేసిందాన్ని నేను గాక ఇంగెవురు కప్పుకుంటారు?" అన్నాడు. కాసేపు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత, కరిగిన మైనం చుక్కచుక్కగా కారి నేలపాలైంది. మిగిలింది ఉత్త ఉన్ని. కూతురు చేసిన గుడ్డ కదా, ఏం కాదులే అన్న నమ్మకంతో నడుస్తూనే ఉన్న మనిషి కుప్పకూలాడు. మేం ఎత్తుకొచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. ప్రాణం దక్కింది కానీ వడదెబ్బ మెదడుకు తగిలింది. ఎడమ చెయ్యి వణుకుతుంది, మాట ముద్దగా వస్తుంది, పెదవులు కుదురుగా నిలవవు. ఈల పోయింది. ఇంకొక్కసారి వడదెబ్బ తగిలితే మనిషి దక్కడని డాక్టర్లు తేల్చి చెప్పారు.

మా అత్త లింగక్క కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్లన్నీ చెట్టుకే పెట్టింది. "నా మొగుని ఈలను తినేసిన చెట్టు అది. దాని జిడ్డు నా గడప తొక్కినాదంటే పొయ్యిలో పెడ్తా," అంది. అన్నంత పనీ చేసే మనిషి ఆమె.

*

రెండేళ్ళు గడిచాయి. ప్రయోగశాలలో వేడిగది ఒకటుంది. అందులో మనిషంత బొమ్మ కూర్చుని ఉంటుంది. దాని ఒంట్లో వేడిచేసే తీగలు, చర్మం నిండా ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు. ఏ పనీ చెయ్యకుండా కూర్చుని చెమటలు కక్కుతాడని సిద్ధేశ్వరి దానికి పెద్దల్లుడు అని పేరు పెట్టింది. చిన్నల్లుడు ఎవరో నేను విడిగా చెప్పనక్కర్లేదు.

పెద్దల్లుడికి ఎన్ని రకాల మైనం గొంగళ్ళు కప్పామో లెక్కే లేదు. మైనాన్ని ప్లాస్టిక్ గుళికల్లో బంధించి చూశాం, నాలుగు సార్లు మడతపెడితే గుళికలు పగిలాయి. రబ్బరు పూత వేసి చూశాం, గాలాడక లోపల ఉడికిపోయింది. ఏం చేసినా కరిగిన మైనం కారుతూనే ఉంది.

"సిద్ధేశ్వరీ, నీ మైనం బాగుంది, నీ గుడ్డ బాగుంది. రెండూ కలిసి కాపురం చెయ్యడం లేదమ్మా," అంది మా డైరెక్టర్ డాక్టర్ వకుళ. "ఈ గదిలో దుమ్ము లేదు, గాలి లేదు. మామూలు ఇంట్లో నాలుగు రోజులు వేలాడదీసి చూడు. ఎంత కారుతుందో, ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. అప్పుడే మనిషి మీద ప్రయోగం గురించి మాట్లాడదాం."

"మనిషి మీద వద్దు మేడం," అంది సిద్ధేశ్వరి వెంటనే. "కారదని తేలేదాకా ఎవరి మీదా వద్దు."

అలా ఆ గొంగడి మా ఇంటికి వచ్చింది. మైనం గొంగడి అని చెబితే పొయ్యిలోకి పోతుంది కాబట్టి, సిద్ధేశ్వరి తల్లికి ఒక అబద్ధం చెప్పింది.

"ఉరవకొండ పక్క నేసిన గొంగడమ్మా ఇది. కొత్త ఉన్ని, జిడ్డు ఇంకా పోల్యా. తాడు మీద నాలుగు దినాలు ఆరనీ. ముట్టుకోవాకు."

అత్త దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి మూతి విరిచింది. "ఇదేం గొంగడే? తడిసిన పిల్లి మాదిరి యేలాడుతాంది. నేసినోనికి సిగ్గుండొద్దా?"

మాకు ఆ మాట వినే తీరిక లేదు. తోటలో గింజలు కోతకొచ్చాయి. హొహోబాలో ఆడ పొద వేరు, మగ పొద వేరు. గింజ కాసేది ఆడదే. గాలికి పుప్పొడి ఎగరేసి అక్కడితో తన బాధ్యత తీరిందనుకునేది మగది. దీని మీద కూడా సిద్ధేశ్వరి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుల మధ్య, కోత పనిలో పడి మూడు రోజులు ఇంటి ముఖం చూడలేదు.

నాలుగో రోజు పొద్దున సైరన్ మోగుతుండగా ఇంటికి చేరాం. తాడు మీద గొంగడి లేదు. దొడ్లో గొర్రెలు లేవు. మామ లేడు.

"అమ్మా, గొంగడేదీ?"

"మీ నాయన కప్పుకోని పాయె," అంది అత్త, కొత్తిమీర ఏరుకుంటూ. "మేత లారీ రాక వారమాయ. గొర్లు ఆకలికి అరుస్తాంటే ఆ మనిసి చెవులు మూసుకోని కూచుంటాడా? తెల్లారకముందే తోలుకోని పాయె. సైరన్ లోపల వొస్తాననె. వొస్తాడులే, కంగారు పడొద్దు."

"ఏ గొంగడమ్మా?" అంది సిద్ధేశ్వరి, ఖాళీ తాడు వైపు చూస్తూ.

"నువ్వు తెచ్చిందే. గంజి ల్యాని గొంగడిని నా ఇంట్ల యేలాడదీస్తే నలుగురు ఏమనుకుంటారు? కురుబోళ్ళ ఇంట్ల గంజికి కరువొచ్చినాదంటారు. సింతగింజలు యాంచి, రుబ్బి, గంజి కాంచి పెట్టినా. బాగ ఆరినాది. మీ నాయనది చిరిగిపొయ్యుండాది గదా, ఇది కప్పుకో పోనీమంటి."

గంజి పట్టని గొంగడి మా అత్త దృష్టిలో నీళ్ళు పొయ్యని పసిబిడ్డ. ఉన్ని గుడ్డ నేశాక, వేయించిన చింతగింజల పిండితో గంజి కాచి, వేడివేడిగా ఉండగానే పెద్ద కుంచెతో బాది బాది పట్టిస్తారు. అప్పుడు గొంగడి బిగుసుకుని నిలబడుతుంది, వాన పడితే పైపైనే జారిపోతుంది. కురుబలంటే గొర్రెలు కాసే కులం, అందులో పుట్టిన ఏ ఆడదీ గంజి లేని గొంగడిని చూస్తూ ఊరుకోదు. సిద్ధేశ్వరికి ఇది తెలుసు. ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని బతికిన పదేళ్ళలో మరిచిపోయింది.

ఆమె గడపలోనే కూలబడింది. "అమ్మా, అది మైనం గొంగడి. నీకు అబద్ధం చెప్పినా. నాయనకు మల్లీ అట్లనే అయితాది."

అత్త చేతిలో కొత్తిమీర అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. లేచి నీళ్ళ బిందె చంకనెత్తుకుని జీపు వైపు నడిచింది.

"లెయ్యి. తిట్లు ఆయప్ప దొరికినాక," అంది.

*

కర్ఫ్యూలో బయట తిరగడానికి ప్రయోగశాల జీపుకు అనుమతి ఉంది. మామ మామూలుగా వెళ్ళే వాగు పక్క చూశాం, లేడు. తుమ్మచెట్ల గుంపు దగ్గర చూశాం, లేడు. దారిలో ఒక్క పిట్ట లేదు, ఒక్క కుక్క లేదు. జీపు అద్దానికి బయట తగిలించిన నా ఉష్ణమాపకం పొద్దున నలభై మూడు దగ్గర మొదలై మేం తిరిగేకొద్దీ ఎక్కుతోంది. సిద్ధేశ్వరి దాన్ని చూడటం మానేసింది. మొదటి గొంగడి ఎంత సేపటికి ఖాళీ అయిందో ఆమెకు కంఠతా వచ్చు, ఆ సమయం ఎప్పుడో దాటిపోయింది.

"మైనం తోలికి తగిలితే ఏమయితాది?" అంది అత్త ఉన్నట్టుండి.

"ఏం కాదమ్మా. కారిపోతాది. అంతే."

"అంతే అంటావేమే," అంది అత్త.

బోడికొండ వెనక వాలులో మంద కనిపించింది. మిట్టమధ్యాహ్నం. గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, ఒకే నల్లటి ముద్దలా నిలబడ్డాయి. ఎండలో అవి చేసే పని అది. ఆ ముద్దకు కొంచెం ఎడంగా, నీడన్నది లేని బండ మీద, గొంగడి ముసుగు ఒకటి కూర్చుని ఉంది. కదలడం లేదు.

నేను జీపు ఆపకముందే సిద్ధేశ్వరి తలుపు తీసి దూకింది. నెత్తిన గుడ్డ లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. "నాయనా!" అని అరుస్తూ నిప్పుల్లాంటి నేల మీద పరిగెత్తింది.

ముసుగు కదిలింది. మామ తల బయటికి వచ్చింది. కూతుర్ని చూసి గాభరాపడి, గొంగడి ఒక పక్క రెక్కలా ఎత్తి ఆమెను లోపలికి లాక్కున్నాడు.

"పిచ్చిదానా, కర్ఫ్యూలో ఎవురన్నా బయటికి వొస్తారా?" అన్నాడు.

నేనూ అత్తా చేరేసరికి ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమే, గంజిలో ఏం గలిపినావు? పొద్దున్నించి ఒళ్ళు జిల్లుమంటాంది. సలిజరం వొచ్చినాదేమో అనుకుంటాండా. సలేస్తాందే నాకు."

నలభై తొమ్మిది డిగ్రీల ఎండలో, నెత్తి మీద సూర్యుడు నిప్పులు కక్కుతుంటే, మా మామ చలేస్తోందన్నాడు.

నేను గొంగడి కిందికి ఉష్ణమాపకం పెట్టాను. ముప్పై రెండు. తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. ముప్పై రెండే. జీవితంలో ఎన్నో అంకెలు కొలిచాను కానీ, ఏ అంకెనూ చూసి అలా ఏడవలేదు. సిద్ధేశ్వరి గొంగడి అంచును తడిమి చూస్తోంది. వేళ్ళు పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క కారలేదు.

"తొమ్మిదికంతా వొస్తానంటివి గదా," అంది అత్త.

మామ ఒడిలోంచి ముసుగు తొలగించి చూపించాడు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల, తడి ఆరీ ఆరని నల్లటి బొచ్చుతో, చల్లగా నిద్రపోతోంది. "దీని తల్లి ఈనుతాంటే యాడ ఇడిచిపెట్టి రావాల?" అన్నాడు.

అత్త గొంగడి అంచు కిందికి దూరి, మొగుడి వణికే చేతిని రెండు చేతులతో పట్టుకుని, అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. కూతుర్ని, మొగుడ్ని, మేత లారీని, నన్ను, మెక్సికో ఎడారిని వరసగా తిట్టింది. అంత తీయని తిట్లు నేనెప్పుడూ వినలేదు.

*

తర్వాతి వారమే మా అత్త కుంచె, చింతగింజల బస్తాతో ప్రయోగశాలలో అడుగుపెట్టింది. వేడిగదిలోని పెద్దల్లుణ్ణి చూసి, "వీనికి గోచీ అయినా కట్టండమ్మా," అంది. మైనం డబ్బాను మాత్రం చూడను కూడా చూడలేదు.

"ఆ చెట్టుతో నాకు మాటల్లేవు," అని ముందే చెప్పింది. "గంజి మాత్రం పెడ్తా."

గంజి ఎందుకు పనిచేసిందో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. సిద్ధేశ్వరి వెంట్రుకంత దారాన్ని కోసి సూక్ష్మదర్శినిలో పెట్టాక అర్థమైంది. గంజి వేడికి ఉన్నిలోని మైనం కరిగింది. కుంచె దెబ్బలకు అది కంటికి కనపడనంత చిన్న బిందువులుగా చిట్లింది. చింతగింజల జిగురు ఒక్కొక్క బిందువు చుట్టూ పొరలా చేరి, ఆరాక గట్టి సంచిగా మారింది. లోపల మైనం ఎన్నిసార్లు కరిగినా బయటికి దారి లేదు. ఉన్ని వంగితే సంచీ వంగుతుంది, పగలదు. ప్లాస్టిక్ చెయ్యలేని పని అది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? ప్రయోగశాల గేటు పక్కనే రెండు చింతచెట్లున్నాయి. వాటి కిందే రోజూ టీ తాగుతాం.

పెద్దల్లుడు యాభై డిగ్రీల గదిలో ఐదు గంటలు చల్లగా కూర్చున్నాడు. ఆ తర్వాత మైనమంతా కరిగిపోయి గొంగడి వేడెక్కడం మొదలైంది. దాన్ని తీసి లోతైన దిగుడుబావి నీళ్ళ మీద వేలాడదీస్తే మరుసటి తెల్లవారేసరికి మైనం మళ్ళీ పేరుకుంది. రోజుకు ఒక్కసారి ఐదు గంటల నీడ. గొర్రెలకు అది చాలు, గొర్రెల కాపరికీ చాలు.

డాక్టర్ వకుళ సిద్ధేశ్వరి భుజం మీద చెయ్యి వేసి, అంకెలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివింది.

వార్త పాకింది. అందరికంటే ముందు వచ్చినవాడు ధనుంజయ అనే రోడ్ల కాంట్రాక్టరు. చల్లటి కారులో మా ఇంటి ముందు దిగి, సిద్ధేశ్వరికి చేతులు జోడించాడు. జిల్లా అంతా రోడ్డు పనులు తనవేనని, వేల కొద్దీ గొంగళ్ళు తీసుకుంటానని, గొంగడి ఉన్నవాళ్ళకు కర్ఫ్యూ ఎత్తేసేలా పైన మాట్లాడతానని చెప్పాడు. సిద్ధేశ్వరి ముఖం వెలిగిపోయింది. పదేళ్ళుగా ఆమె కలగన్నది ఇదే కదా.

"కూలీకి రెండేసి గొంగళ్ళు కావాలమ్మా," అన్నాడాయన.

పక్కన గొర్రెపిల్లకు పాలు పడుతున్న మామ తలెత్తాడు. "రెండెందుకప్పా?"

"ఒకటి కరిగిపోతే రెండోది కప్పుకుంటారు. పని ఆగదు."

"తెల్లార్తో ఒగ పని, పొద్దుగూకినాక ఒగ పని చేస్తాండారు గదా మీ కూలోళ్ళు. నడాన ఎండపూట పండుకుంటాండారు. అది గూడా పనేనంటే, ఇంగ నిద్రపొయ్యేదెప్పుడు?"

ధనుంజయ నవ్వాడు. "పెద్దాయనా, ఎండదెబ్బ లేకపోతే మనిషికి అంత నిద్ర ఎందుకు? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే ఎట్లా?"

సిద్ధేశ్వరి ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఎండ కర్ఫ్యూ ఆ కూలీలకు ఇచ్చినది ఒకే ఒక్కటి, పగటి నిద్ర. తండ్రి ప్రాణం కోసం చేసిన గుడ్డ వెయ్యిమంది తండ్రుల కంటి మీద కునుకు లాక్కోబోతోంది. తన చేతులతో తానే. ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

మామ మాత్రం తాపీగా పాలసీసా పక్కన పెట్టాడు. "సరేప్పా. మా కురుబల్లో పెద్ద మాట ఏదైనా గొంగడి పరిచి, దాని మీద కూచోని మాట్లాడ్తాం. గొంగడి మీద ఇచ్చిన మాట ఇంగ తప్పేది ల్యాదు. రేపు ఎండపొద్దున గొర్ల కాడికి రా. నీకు రెండు గొంగళ్ళు నేనే తెస్తా."

కోర్టు సంగతి తర్వాత చెబుతానన్నాను కదా, ఇదే ఆ కోర్టు.

మర్నాడు తెల్లవారుజాము పనులన్నీ చూసుకుని ధనుంజయ హుషారుగా వచ్చాడు. మైనం గొంగడి కప్పగానే, "అబ్బ, ఏసీ గదిలో ఉన్నట్టుంది!" అన్నాడు. మామ గొంగడి పరచలేదు. "గొర్లు నడుస్తాండాయి. అవి నిలబన్నప్పుడు కూచుందాం," అని ముందుకు కదిలాడు. వాగు దాటారు, వాలు ఎక్కారు, దిగారు. నేనూ సిద్ధేశ్వరీ మా గొంగళ్ళలో వెనకాల నడిచాం. మొదట్లో కాంట్రాక్టరు లోకంలోని రోడ్లన్నిటి గురించీ చెప్పాడు. తర్వాత మన జిల్లా రోడ్ల గురించి చెప్పాడు. తర్వాత ఏమీ చెప్పలేదు. బయల్దేరిన పొద్దున్నించి నడిచీ నడిచీ మొదటి గొంగడి కరిగిపోయింది. మేమూ మావి మార్చుకున్నాం, మామ ఆయనకు రెండోది అందించాడు.

"కప్పుకో సామీ. ఇంగా మాట కాల్యా గదా."

రెండో గొంగట్లో ఇంకొక వాలు ఎక్కేసరికి ధనుంజయ ఒక రాయిని పట్టుకుని ఆగిపోయాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"పెద్దాయనా, కాస్త నడుం వాలుస్తా."

"ఎండ కొడ్తాందా?"

"లేదు. చల్లగానే ఉంది."

"చెమట పడ్తాందా?"

"లేదు."

"మల్లెందుకు నడుం వాల్చేది?"

ధనుంజయ మామ ముఖంలోకి చూశాడు. "అలసిపోయాను," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. మా మామ మాత్రం ఎవర్నీ తన్నలేదు. భుజం మీది పాత చిరుగుల గొంగడి తీసి తుమ్మచెట్టు కింద పరిచాడు. వణికే చేత్తోనే అంచులు సరిచేశాడు. "ఇప్పుడు కూచో సామీ. మాట్లాడుకుందాం. ఇది ఎండను ఆపుతాది, అలుపును ఆపేది ల్యా," అన్నాడు.

ధనుంజయ మొదట పడుకుని ఒక కునుకు తీశాడు. లేచాక మాటిచ్చాడు. మనిషికి ఒక్క గొంగడి. అది కప్పుకుని పగలు పని చేసినవాడికి ఆ పొద్దు రెండో పని లేదు. గొంగడి బావిలో చల్లారేదాకా మనిషీ చల్లారాలి. ఆ మాట మీదే సిద్ధేశ్వరి మైనమూ పొదలూ ఊళ్ళకు వెళ్ళాయి, ధనుంజయకే కాదు, అందరికీ. ఎవరైనా మాట తప్పాలన్నా కుదరదు. గొంగడికి ప్రాణం గంజి, గంజి పట్టించేది మా అత్త నేర్పిన ఊరూరి ఆడవాళ్ళు. ఒక పేరుకు రెండో గొంగడి వస్తే వాళ్ళ కుంచె లేవదు.

*

మరుసటి మార్చిలో సైరన్ తొమ్మిదికి మోగింది. అలవాటుకొద్దీ నేను కిటికీ మూయబోయాను. బయట, గొంగడి ఉన్నవాళ్ళకు కర్ఫ్యూ ఎత్తేసిన మొదటి ఎండపొద్దున, జనం నడుస్తున్నారు. నల్లటి గొంగళ్ళు, వీధి నిండా. ఎవరో పెద్దాయన నడిరోడ్డు మీద నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. టీకొట్టు వాడు పట్టపగలు షట్టర్ ఎత్తి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ దించి మళ్ళీ ఎత్తాడు.

మా అత్త మాత్రం అంతదాకా మైనం గొంగడి కప్పుకోలేదు. ఊరందరి గొంగళ్ళకూ గంజి పట్టిస్తుంది కానీ తాను ఒంటి మీద వేసుకోదు, పంతం. ఆ మధ్యాహ్నం ఏమనుకుందో, తాడు మీది గొంగడి లాక్కుని నెత్తిన వేసుకుని బయటికి నడిచింది. నేనూ సిద్ధేశ్వరీ వెంట వెళ్ళాం.

మామ మంద కొండ వాలులో ఉంది. పిల్లలు పుట్టి మళ్ళీ పెరిగిన మంద. అత్త ఎండలో నిలబడి కాళ్ళ కిందికి చూసుకుంది. ఆమె నీడ పాదాల చుట్టూ చిన్నగా ముడుచుకుని ఉంది.

"ఎండకాలంల మద్యాన్నపు నీడను తీరికగ చూసి ఎన్నేండ్లాయనే," అంది. దారిపక్కన ఒక హొహోబా పొద కనిపిస్తే ఆగింది. దాన్ని కాసేపు చూసింది. "బతుకుపో," అంది దానితో. అది ఆమె ఆ చెట్టుతో ఆడిన మొదటి మాట.

అంతలో మందలో సగం దారి తప్పి పక్క లోయలోకి దిగసాగాయి. కొత్త పిల్లలు, మాట వినని వయసు. మామ చేతులూపాడు. నోరు తెరిచి అదిలించాడు, ఆ ముద్దమాట గాలిలోనే పోయింది. ఏ గొర్రే తలెత్తలేదు. ఆయన రెండు వేళ్ళు నోటి దాకా తీసుకెళ్ళి, పెదవులు వణుకుతుంటే దించేశాడు.

మా పక్కనుంచి ఈల వినిపించింది.

మొదట సన్నగా సాగి, చివర టక్కున విరిగింది. లోయలోకి దిగుతున్న గొర్రెలన్నీ ఒక్కసారి ఆగి తలలెత్తాయి. వెనక్కి తిరిగాయి. అత్త నోట్లోంచి రెండు వేళ్ళు తీసి, కొంగుకు తుడుచుకుంది.

"అమ్మా! నీకు ఈల వొస్తాదా?" అంది సిద్ధేశ్వరి.

"మీ నాయనకు నేర్పిందెవురు మల్ల? పెండ్లి కాకముందు నేనూ మా నాయన గొర్లు మేపుతాంటి. ఈయప్ప మంద వొచ్చి మా మందలో కలిసిపాయె. ఏరుకునేకి ఈల గూడా రాదు. గొర్ల కాపరివై ఈల రాకుంటే ఎట్లప్పా అని నేర్పిస్తి. ఈల నేర్సుకుని ఊరుకున్న్యాడా, నన్నూ తోలుకోనొచ్చె."

ఇన్నేళ్ళూ నాకు దొరకని గురువు ఎవరో తెలిసింది. "మరి ఈ మూడేళ్ళూ ఎందుకు వెయ్యలేదత్తా?" అన్నాను.

ఆమె మొగుడి వైపు చూసింది. "ఆయప్ప పెదాలు వణుకుతాంటే, ఆయప్ప ముందర నేనెట్ల ఎయ్యాల నాయనా?"

మామ అప్పటికే గొర్రెల మధ్య నుంచి మా దగ్గరికి నడిచి వస్తున్నాడు. ఆ మాట విన్నాడు. గొంగడి ముసుగు వెనక్కి తోసి, పట్టపగటి ఎండలో పెళ్ళాన్ని కళ్ళారా చూశాడు.

"ఇంగోసారి ఎయ్యే," అన్నాడు.

ఆమె వేసింది. కొండకు అవతల మేస్తున్న గొర్రెలు కూడా తలెత్తి చూసే ఉంటాయి.